మూడు మందులు పనిచేయలేదని రాసి ఉంది: కణ చికిత్స దాకా వచ్చిన ఒక కీళ్లవాతం కేసు

గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో నేను కీళ్లవాతం రోగుల్ని చూస్తాను. ఈ కేసు రాయడానికి కారణం నాలుగు పేజీల ఒక ఫారం. మొండికేసిన రుమటాయిడ్ కీళ్లవాతం మీద రోగనిరోధక కణాల చికిత్సను పరీక్షిస్తున్న ఒక పరిశోధన బృందం, రోగిని పంపే ముందు నింపి ఇమ్మన్న ఫారం అది. నింపడానికి మాకు అయిదు వారాలు పట్టింది. అంతకుముందు ఏడాదిన్నర ఆ రోగిని చూస్తూ కూడా నేను తెలుసుకోలేకపోయినవి ఆ అయిదు వారాల్లో బయటపడ్డాయి. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. వయసు, ఊరు, కుటుంబం వివరాలు కొంత మార్చాను. మందులు, పరీక్షలు, తప్పులు మార్చలేదు.

నేపథ్యం

ఆవిడది వశిష్ట గోదావరి పాయ పక్కన ఒక లంక గ్రామం. వయసు నలభై దాటింది. చిన్నప్పటి నుంచీ లేసు అల్లేవారు. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు మధ్యాహ్నం వంట పనయ్యాక అరుగు మీద కూర్చుని చేసే పనే. పదకొండేళ్ల కిందట ఒక చలికాలంలో, పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోయి లేసు సూది జారిపోవడం మొదలైంది. రెండు చేతులకీ ఒకేసారి, వేళ్ల మొదళ్లలో, మణికట్టులో వాపు. ఎండెక్కాక కొంచెం సడలేది.

"సూది పట్టీ పట్టీ వేళ్లు అరిగిపోయాయనుకున్నామండి" అన్నారావిడ. ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు. సూది మానేశారు, వాపు మానలేదు. అలా రెండేళ్లు గడిచాయి. కీళ్లవాతంలో మొదటి కొన్ని నెలలు చాలా విలువైనవి. అప్పుడు సరైన మందు పడితే ఎముక కొరుకుడు పడకుండా ఆపగలం. ఆవిడకి ఆ అవకాశం పోయింది. రోగం పేరు తెలిసేసరికే ఎక్స్‌రేలో మణికట్టు ఎముకలు కొరుకుడు పడి ఉన్నాయి. రక్తంలో ఈ రోగాన్ని పట్టిచ్చే యాంటీబాడీలు, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, రెండూ బాగా ఎక్కువ.

ఆ తర్వాత కీళ్లవాతానికి ముందుగా ఇచ్చే మామూలు మందులు: మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్. రెండు మూడేళ్లు ఫర్వాలేదనిపించింది. మళ్లీ రోగం రేగినప్పుడు వేరేచోట అడాలిముమాబ్ ఇంజెక్షన్లు, అవి ఆపాక టోఫాసిటినిబ్ మాత్రలు వాడారు. ఆ రెండూ అయ్యాకే నా దగ్గరకు వచ్చారు. ఫైలు పైన ఒక వాక్యం: "అడాలిముమాబ్, టోఫాసిటినిబ్ ఫెయిల్."

ఆ వాక్యాన్ని నేను యథాతథంగా నా కేసు షీటులోకి ఎక్కించుకున్నాను. దాని మీదే ఆధారపడి రిటుక్సిమాబ్ ఇచ్చాను. 1 గ్రాము చొప్పున రెండు డోసులు, మధ్యలో రెండు వారాలు. ఆరు నెలలు చూశాను. తేడా లేదు. మూడో పేరు కూడా ఫెయిల్ జాబితాలో చేరింది.

వచ్చినప్పటి పరిస్థితి

రిటుక్సిమాబ్ తర్వాత ఎనిమిదో నెలలో ఆవిడని కొడుకు తీసుకొచ్చాడు. 28 కీళ్లలో 18 నొక్కితే నొప్పి, 9 కీళ్లలో వాపు. ఒంట్లో మంటను చూపే రక్త పరీక్ష సీఆర్‌పీ 32. రోగ తీవ్రతను కొలిచే డాస్28 స్కోరు 6.5. ఇది 5.1 దాటితేనే రోగం తీవ్రంగా ఉన్నట్టు. అలాంటిదే ఇంకో స్కోరు, సీడీఏఐ, 42. పొద్దున్న రెండు గంటల దాకా చేతులు కదలవు. జాకెట్టు హుక్కులు కోడలే పెడుతోంది. హిమోగ్లోబిన్ 8.9. మొహం గుండ్రంగా ఉబ్బి ఉంది, షుగర్ కొత్తగా 210.

కొడుకు ఫోను తీసి చూపించాడు. "అమ్మకి కార్-టి చేయిద్దామనుకుంటున్నామండి. ఒక క్లినిక్ వాళ్లు ఆరు లక్షలకి చేస్తామన్నారు. ముప్పై సెంట్లు కొబ్బరితోట బేరం కుదిరింది. ఎల్లుండి బయానా పుచ్చుకుంటున్నాం."

ఆ రోజు మిగతా రోగుల్ని కాస్త ఆగమని, వాళ్లతో గంటసేపు కూర్చున్నాను.

కణ చికిత్స అంటే ఏమిటో ముందు చెప్పాను

వాళ్ల ఆశ ఉత్తి ఆశ కాదు. దాని వెనక నిజమైన సైన్సు ఉంది. అందుకే కొట్టిపారేయకుండా వివరంగా చెప్పాను. కార్-టి అంటే, రోగి రక్తంలోంచి టి కణాలనే రోగనిరోధక కణాల్ని వేరుచేస్తారు. ప్రయోగశాలలో వాటికి ఒక కొత్త జన్యువు ఎక్కిస్తారు. దాంతో అవి బి కణాల మీదుండే సీడీ19 అనే గుర్తును పట్టుకుని ఆ కణాల్ని చంపడం నేర్చుకుంటాయి. వాటి సంఖ్య పెంచి, రోగికి రెండు రకాల కీమో మందులతో శరీరంలో చోటు చేసి, ఒక్కసారే ఎక్కిస్తారు. మన ఒంటినే శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్ని వేళ్లతో సహా పెరికేయడం దీని ఉద్దేశం.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గెయోర్గ్ షెట్ బృందం 2021లో లూపస్ ఉన్న ఒక 20 ఏళ్ల అమ్మాయికి ఇది చేసి ఫలితం ప్రకటించింది. 2024 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అదే బృందం 15 మంది వివరాలు ఇచ్చింది. 8 మంది లూపస్, 4గురు చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా, 3గురు కండరాల వాపు రోగులు. అన్నీ రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే రోగాలు. లూపస్ ఉన్న 8 మందికీ రోగం నెమ్మదించింది, పాత మందులన్నీ మానేయగలిగారు. చదివిన రోజు నాకూ నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఈ రోగాలు చూస్తున్నవాడికి "మందులన్నీ మానేశారు" అన్న మాట అంత పెద్దది.

కానీ ఆ 15 మందిలో కీళ్లవాతం వాళ్లు లేరు. కీళ్లవాతం, కండరాలు నీరసించే మయస్థీనియా రెండూ ఉన్న ఒక రోగికి ఈ చికిత్సతో రెండూ తగ్గాయన్న నివేదిక వచ్చింది. ఒక్కరి కథ అది. బి కణాల్ని చంపడం కాకుండా, రోగనిరోధక వ్యవస్థను శాంతపరిచే రెగ్యులేటరీ టి కణాలతో కూడా కీళ్లవాతంలో తొలి దశ పరీక్షలు జరుగుతున్నాయి. అంటే ఇది ఇంకా పరీక్షలో ఉన్న చికిత్స. మన దేశంలో ఐఐటీ బొంబాయిలో పుట్టిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి వచ్చింది. అది కొన్ని రక్త క్యాన్సర్లకు, కీళ్లవాతానికి కాదు.

ఇక ఆ క్లినిక్ సంగతి. రెండే ప్రశ్నలు అడగమన్నాను: క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మీ నంబరు ఎంత? పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? కొడుకు అక్కడే ఫోన్ చేశాడు. నంబరు చెప్పలేదు. ఇంకాస్త గుచ్చి అడిగితే అది కార్-టి కూడా కాదని తేలింది. బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలను సెలైన్‌లో ఎక్కిస్తారట. మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం కీళ్లవాతానికి మూలకణాలు ఇవ్వాలంటే అనుమతి ఉన్న పరీక్షలోనే ఇవ్వాలి. నిజమైన పరీక్షలో మందు ఉచితం, నష్టం జరిగితే వైద్యం, పరిహారం బాధ్యత కూడా పరీక్ష చేయించేవాళ్లదే.

తోట బేరం ఆగింది. "మరి అసలుది ఎక్కడ చేస్తారండి?" అని ఆవిడ అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. మొండి కీళ్లవాతం రోగుల్ని తీసుకుంటున్న ఒక బృందానికి రాశాను. రెండు రోజుల్లో ఫారం వచ్చింది.

ఫారం

మొండి కీళ్లవాతానికి ఐరోపా వైద్యుల సంఘం యూలార్ 2021లో ఇచ్చిన నిర్వచనమే ఆ ఫారానికి పునాది. మామూలు మందుల తర్వాత, వేర్వేరు దారుల్లో పనిచేసే కనీసం రెండు బయోలాజిక్ (అడాలిముమాబ్ లాంటి ప్రొటీన్ ఇంజెక్షన్లు) లేదా టార్గెటెడ్ (టోఫాసిటినిబ్ లాంటి మాత్రలు) మందులు పనిచేయకపోవాలి. రోగం చురుగ్గా ఉన్నట్టు గుర్తులుండాలి. వైద్యుడికో రోగికో ఇది భారంగా ఉండాలి. మూడూ కలవాలి. మా రోగికి మూడూ ఉన్నాయనే నా నమ్మకం.

ప్రతి మందుకీ ఒక వరుస. మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, ఎక్కడ నిల్వ చేశారు, ఎవరు ఇచ్చారు. చివరి గడిలో ఒక ప్రశ్న: "పనిచేయలేదని ఎలా నిర్ధారించారు?"

అడాలిముమాబ్ వరుస దగ్గరే ఆగిపోయాను. ఆవిడ ఫైల్లో తేదీలున్నాయి, నిల్వ గురించి ఏమీ లేదు. ఇంటికి ఫోన్ చేస్తే భర్త చెప్పారు: "మేం చాలా జాగ్రత్తగా తెచ్చేవాళ్లమండి. నేనే రొయ్యల పెట్టెలో ఐస్ కొట్టించి, మధ్యలో పెట్టి తెచ్చేవాణ్ని. ఇంటికొచ్చాక డీప్‌లో పెట్టేవాళ్లం."

ఆయన రొయ్యల చెరువు మీద పనిచేస్తారు. రొయ్యకి ఐస్ ఎంత ఎక్కువైతే అంత మంచిది, ఆయనకి తెలిసిన జాగ్రత్త అదే. ఈ ఇంజెక్షన్ మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకట్టి కరిగిన ప్రొటీన్ మందు మీద నమ్మకం పెట్టుకోలేం. మా సిస్టర్ ఒక చిన్న థర్మామీటర్ పట్టుకుని పంటు మీద గోదావరి దాటి వాళ్లింటికి వెళ్లింది. సింగిల్ డోర్ ఫ్రిజ్. పైన ఐస్ గడి, తలుపు సరిగ్గా పడదు, అంచు చుట్టూ మంచు పేరుకుపోయి ఉంది. ఇంజెక్షన్లు పెట్టేచోట థర్మామీటర్ పెట్టి అరగంట ఆగి చూస్తే మైనస్ 4. అక్కడ ఇప్పుడు ఐస్‌క్రీమ్ డబ్బాలో పండుమిరప పచ్చడి ఉందని సిస్టర్ చెప్పింది. ఆ డబ్బా మీద ఇంజెక్షన్ తేదీలు రాసిన పాత స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది. ఒక్క డోసు కూడా తప్పిపోకుండా రాసుకున్నారు. ఆ ఫోటో చూసినప్పుడు బాధేసింది. వాళ్లు చేయాల్సిందంతా చేశారు. పెట్టాల్సిన చోటు ఏదో చెప్పవలసిన మేం చెప్పలేదు.

అదే సమయంలో మెథోట్రెక్సేట్ కూడా ఆపేశారని తేలింది. "ఖరీదైన ఇంజెక్షన్ వచ్చింది కదా, ఇంక పాత మాత్రలెందుకులే" అనుకున్నారట. అడాలిముమాబ్‌ని మెథోట్రెక్సేట్ లేకుండా ఇస్తే, ఒంట్లో మందుకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. ఇక ఆ మందు పనిచేయలేదని నేను ఎలా రాయను?

టోఫాసిటినిబ్ వరుస. వాడింది ఏడు వారాలు. రోజుకి రెండు మాత్రలు చెబితే డబ్బు సరిపోక ఒకటే వేసుకున్నారు. ఏడో వారంలో నడుము చుట్టూ సర్పి లేచింది, మందు ఆపేశారు. ఆపడం సరైన నిర్ణయమే. కానీ అది మందు పడకపోవడం. పనిచేయకపోవడం వేరే మాట. సగం మోతాదు మీద పనితనం తేల్చలేం.

రిటుక్సిమాబ్ కూడా బి కణాల్ని చంపే మందే. నేను దగ్గరుండి ఇచ్చాను, మోతాదు సరైనదే. ఇచ్చాక రక్తంలో సీడీ19 బి కణాల లెక్క దాదాపు సున్నా. అయినా వాపు తగ్గలేదు. జాబితాలో నిజంగా ఓడిపోయింది ఇదొక్కటే.

ఆఖరి వరుస "ఇతర మందులు". ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని రమ్మన్నాను. బల్ల మీద కుమ్మరిస్తే అందులో పేరు లేని కాగితం పొట్లాలు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చే నొప్పి మందు. మూడు మాత్రల్లో ఒకటి స్టెరాయిడ్. నేను రాసిన స్టెరాయిడ్‌కి ఇది అదనం. మొహం ఉబ్బడానికి, షుగర్‌కి కారణం అక్కడుంది. వీటి ప్రభావంలో ఉండగా చేసిన మాంటూ (టీబీ కోసం చర్మం మీద చేసే పరీక్ష) నెగటివ్ అని వచ్చినా దాన్ని నమ్మలేం. మళ్లీ టీబీ కోసం రక్త పరీక్ష, ఇగ్రా, చేయిస్తే పాజిటివ్. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గు, జ్వరం లేవు. నిద్రాణంగా ఉన్న టీబీ.

ఏది వాపు, ఏది నొప్పి

18 కీళ్లలో నొప్పి, 9లో వాపు. ఈ తేడా నన్ను ముందే ఆపాల్సింది. అల్ట్రాసౌండ్‌లో రక్తప్రవాహాన్ని చూపే పవర్ డాప్లర్ పెట్టి చూస్తే 7 కీళ్లలోనే మంట చురుగ్గా ఉంది. మోకాళ్లలో ఉన్నది పాత కొరుకుడు వల్ల వచ్చిన అరుగుదల. భుజాలు, వీపు, తొడలు ఎక్కడ నొక్కినా నొప్పే. రాత్రి రెండు గంటలకి మించి నిద్ర లేదు. పదకొండేళ్ల నొప్పి తర్వాత నరాల వ్యవస్థే నొప్పిని పెంచి చూపడానికి అలవాటు పడిపోతుంది. దాన్ని ఏ బయోలాజిక్ మందూ తగ్గించలేదు, ఏ కార్-టి కణమూ తగ్గించలేదు. కానీ స్కోరులో అది కూడా కూడికలో కలిసిపోతుంది, రోగం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అలాగని 7 కీళ్లలో నిజమైన మంట ఉంది, సీఆర్‌పీ 32 ఉంది. రోగం చురుగ్గా లేదనడానికి వీల్లేదు.

ఇక్కడ అసలు చిక్కుముడి. రక్తంలో బి కణాలు సున్నా అయినా కీళ్లు మండుతున్నాయంటే రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, రక్తంలోవి పోయినా లింఫ్ గ్రంథుల్లో, కీలు పొరలో దాక్కున్నవి మిగిలి ఉండటం. రిటుక్సిమాబ్ తర్వాత లింఫ్ గ్రంథుల్లో బి కణాలు మిగిలిపోతాయని, సీడీ19 కార్-టి తర్వాత అక్కడ కూడా ఖాళీ అవుతాయని ఎర్లాంగెన్ బృందం ముక్క తీసి చూపించింది. అలాగైతే కార్-టి సరైన దారి. రెండోది, ఈవిడ రోగాన్ని ఇప్పుడు నడిపిస్తున్నది బి కణాలు కాకపోవడం. అలాగైతే బి కణాల్ని ఎంత లోతుగా పెరికినా ఫలితం ఉండదు, కీమో, ఇన్ఫెక్షన్ల ప్రమాదం మాత్రం మిగులుతుంది.

తేల్చాలంటే కీలు పొర చూడాలి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నుంచి కోస్టాంటినో పిట్జాలిస్ బృందం 2021లో లాన్సెట్‌లో ఒక పరీక్ష ప్రచురించింది. 164 మంది కీళ్లవాతం రోగులకు కీలు పొర ముక్క తీసి చూశారు. జన్యు పరీక్ష ప్రకారం బి కణాలు తక్కువగా ఉన్నవాళ్లలో, ఐఎల్-6 అనే మంట సంకేతాన్ని ఆపే టోసిలిజుమాబ్‌కి 63 శాతం మంది స్పందిస్తే, రిటుక్సిమాబ్‌కి 36 శాతమే. మైక్రోస్కోపు కింద మాత్రమే చూసి విభజిస్తే ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. మాకు అందుబాటులో ఉన్నది మైక్రోస్కోపే. అందుకని దొరికే జవాబును తీర్పుగా కాక ఒక సూచనగానే తీసుకోవాలని ముందే రాసుకున్నాను. మణికట్టు నుంచి ముక్క తీయించి హైదరాబాద్ పంపాం. బి కణాలు చాలా తక్కువ, మాక్రోఫేజ్‌లనే వేరే రకం రోగనిరోధక కణాలు ఎక్కువ. కానీ ఆ ముక్క తీసింది రిటుక్సిమాబ్ తర్వాత. ఆ మందే బి కణాల్ని తగ్గించి ఉండొచ్చు. అయినా అవి లేనిచోట మంట మండుతూనే ఉందన్నది మాత్రం కళ్ల ముందు ఉంది.

బృందం జవాబు, మా నిర్ణయం

ఫారం నిజాయతీగా నింపి పంపాను. ప్రస్తుతానికి తీసుకోలేమని జవాబొచ్చింది. సరిగ్గా వాడి ఓడిపోయిన మందు ఒకటే ఉంది, నిద్రాణ టీబీకి మందు పూర్తి కాలేదు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "నాకు అంత రోగం లేదంటారాండి వాళ్లు?" అన్నారు. కాదమ్మా, ఇంకా వాడని మందు ఉందంటున్నారు అని చెప్పాను. ఆ మాట ఆవిడకి ఓదార్పుగా అనిపించడానికి చాలా రోజులు పట్టింది.

నాకు మాత్రం ఇంకో సంగతి ఊరటనిచ్చింది. కార్-టి ఎక్కించాక కొన్ని వారాలు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. జ్వరం వస్తే గంటల్లో చేరాలి, అది సైటోకైన్ తుపాను, అంటే రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా రెచ్చిపోవడం కావచ్చు, మెదడు మీద ప్రభావం కావచ్చు. వరదలొస్తే పంటు ఆగిపోయే లంకలో ఉండే కుటుంబానికి దీనికి ఎంతో ఏర్పాటు కావాలి. ఆ సంభాషణ తొందర లేకుండా చేసుకునే వ్యవధి దొరికింది.

తర్వాతి మందుగా టోసిలిజుమాబ్ ఎంచుకున్నాను. మళ్లీ అడాలిముమాబ్ ఎందుకు వద్దనుకున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా ఓడిపోలేదు. మూడు ఆలోచనలు. టీఎన్‌ఎఫ్ అనే మంట సంకేతాన్ని ఆపే అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు నిద్రాణ టీబీని లేపే భయం ఎక్కువ. పాత వాడకంలో ఆ మందుకు యాంటీబాడీలు పుట్టి ఉండొచ్చు. సీఆర్‌పీ ఇంతగా, రక్తహీనత ఇంతగా ఉన్న రోగంలో ఐఎల్-6 పాత్ర పెద్దదై ఉంటుందని నా అంచనా, కీలు పొర కూడా అటే చూపించింది. కార్-టి తర్వాత వచ్చే సైటోకైన్ తుపానుకు విరుగుడుగా వాడేది కూడా ఈ టోసిలిజుమాబే. కొడుకుకి ఆ సంగతి చెప్పినప్పుడు మొదటిసారి ఆ మందు మీద గురి కుదిరింది.

వారానికోసారి ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్ కూడా ఉంది. మేం నెలకోసారి ఆస్పత్రిలో సెలైన్‌లో ఇచ్చేదే తీసుకున్నాం, కిలోకి 8 మిల్లీగ్రాముల చొప్పున. ఆ ఫ్రిజ్‌ని, రొయ్యల పెట్టెని లెక్కలోంచి తీసేయడానికే ఈ ఎంపిక. నెలకోసారి రావడం కష్టమే. కానీ ప్రతి డోసు సరిగ్గా పడిందని నాకు రుజువు ఉంటుంది. రేపు ఇది కూడా పనిచేయకపోతే, ఆ మాట ధైర్యంగా రాయగలను.

ముందు నెలరోజులు టీబీ మందు ఐసోనియజిడ్ వాడి, తర్వాత మొదటి డోసు ఇచ్చాం. టీబీ మందు ఆరు నెలలు కొనసాగింది. మెథోట్రెక్సేట్‌ని వికారం వల్ల వారాలు వదిలేస్తున్నారు కాబట్టి మాత్ర మార్చి వారానికోసారి చర్మం కింద ఇంజెక్షన్ చేశాం. మూడు మందులూ లివర్ మీద భారం వేసేవే. నెలనెలా లివర్ పరీక్ష తప్పనిసరి చేశాను, మోతాదు 15 మిల్లీగ్రాములు దాటించలేదు. నిద్రకి రాత్రి చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్, రోజూ పొద్దున్న గోరువెచ్చటి నీళ్లలో చేతుల వ్యాయామం, సాయంత్రం గట్టు మీద నడక.

పొట్లాల విషయంలో ఆరెంపీ గారి మీద కోపం తెచ్చుకోలేదు. ఫోన్ చేసి మాట్లాడాను. రాత్రి పదింటికి ఏడుస్తూ వచ్చిన మనిషికి ఆయన దగ్గర ఉన్నది అదే. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, ఎన్ని వారాలకి ఎంత తగ్గించాలో కాగితం మీద రాసి ఆయనకే ఇచ్చాం. ఆ కాగితం ఆయన గోడకి అంటించుకున్నారు.

ఏమైంది

సీఆర్‌పీ నెలలోనే దాదాపు సున్నాకి వచ్చింది. సంబరపడలేదు. ఈ మందు సీఆర్‌పీని నేరుగా అణిచేస్తుంది, రోగం తగ్గకపోయినా కాగితం మీద తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే రక్త పరీక్ష లేని సీడీఏఐతోనే లెక్కేశాం, వేళ్లతో నొక్కి చూసి. మూడో నెలకి 42 నుంచి 20. ఆరో నెలకి 11. నడుమ ఒక ఎదురుదెబ్బ.

ఆగస్టులో వరద వచ్చింది. పంటు ఆగింది, నాలుగో డోసు పదహారు రోజులు ఆలస్యమైంది, మణికట్లు మళ్లీ వాచాయి. నీళ్లలో నడిచిన కాలికి చిన్న గాయమై ఒక రాత్రి జ్వరం వచ్చింది. రక్త పరీక్ష చేయిస్తే సీఆర్‌పీ 2. మామూలుగా చూస్తే ఏమీ లేదనిపించే అంకె. ఆరెంపీ గారికి మేం ముందే చెప్పి ఉంచాం: ఈవిడకి ఈ అంకె నమ్మకండి, జ్వరం వస్తే మనిషిని పంపండి. ఆయన పడవ మాట్లాడి పంపించారు. మోకాలి దాకా సెల్యులైటిస్, అంటే చర్మం కింద పాకిన ఇన్ఫెక్షన్. వారం రోజులు యాంటీబయోటిక్ ఇచ్చి, మానాకే తర్వాతి డోసు ఇచ్చాం. ఆ ఒక్క ఫోన్ లేకపోతే ఈ కేసు ఇంకోలా ముగిసేది.

తొమ్మిదో నెలకి సీడీఏఐ 7. వాపు ఒకే కీలులో. స్టెరాయిడ్ పూర్తిగా ఆగింది, షుగర్ మందు లేకుండానే అదుపులో ఉంది, హిమోగ్లోబిన్ 11.4. మోకాళ్ల నొప్పి ఉంది, ఉంటుంది. వంకర తిరిగిన రెండు వేళ్లు సరి కావు. జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటున్నారు. లేసు మొదలుపెట్టారు గానీ సన్నపు పని రావడం లేదు. సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, పెద్ద పూలు అల్లుతున్నారు. మొన్న ఒకటి తెచ్చి చూపించారు. అంచులో రెండు పోగులు తప్పాయని ఆవిడే వేలితో చూపించారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ఎవరి ఫైల్లోనైనా "ఫెయిల్" అని ఉంటే నా కేసు షీటులోకి ఆ మాట ఎక్కించను. మోతాదు, ఎన్ని వారాలు, ఎక్కడ దాచారు, ఎందుకు ఆపారు అని నాలుగు గడులు గీసి, అవి నిండాకే రాస్తాను. ఇంటికి ఇంజెక్షన్ ఇచ్చే ప్రతి కుటుంబానికీ ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలో ఫోటో తీసి చూపిస్తున్నాం. ఐస్ తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టాలని కూడా. డెల్టాలో ఐస్ పెట్టె లేని ఇల్లు తక్కువ, కాబట్టి ఇది మాకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట.

కణ చికిత్స మీద నా నమ్మకం తగ్గలేదు. మొండి కీళ్లవాతం నిజంగా ఉంది. నాలుగు మందులు సరిగ్గా వాడి ఓడిపోయినవాళ్లు నా దగ్గర ఉన్నారు, వాళ్లకి ఈ పరీక్షలు ఫలించాలని నేను ఎదురుచూస్తున్నాను. అందుకే ఆ పరీక్షల్లోకి సరైన రోగులే వెళ్లాలి. గడ్డకట్టిన ఇంజెక్షన్‌ని ఓడిన మందుగా లెక్కేసి పంపితే, ఆ రోగికీ అన్యాయం, ఫలితం కోసం చూస్తున్న మిగతావాళ్లకీ అన్యాయం.

ఆవిడ ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అడుగుతారు, "ఆ కణాల వైద్యం ఎంతవరకు వచ్చిందండి?" అని. తెలిసినంత చెబుతాను. ఆ నాలుగు పేజీల ఫారం ఆవిడ ఫైల్లోనే ఉంది. ప్రతి సెలైన్ తర్వాత సిస్టర్ అందులో తేదీ వేస్తుంది. టోసిలిజుమాబ్ వరుసలో ఇప్పటికి పదకొండు తేదీలు ఉన్నాయి. ఆపిన తేదీ గడి ఖాళీగా ఉంది.